18 అడుగుల సేఫ్టీ బోటుకు వెనక ప్లాట్‌ఫారమా, ఒట్టి నిచ్చెనా?

సాగర్_గట్టు:
హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ పోటీలప్పుడు సేఫ్టీ బోటుగా తిరిగే ఫైబర్ బోటు ఇది. వెనక మధ్యలో 60 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజిన్. పాత అల్యూమినియం నిచ్చెనకు అడుగు మెట్టు ఊడిపోయింది, పై బిగింపు వదులైంది. ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) వెడల్పు 1650 మి.మీ., ఇంజిన్‌కు రెండు పక్కలా ఇంచుమించు 550 చొప్పున ఖాళీ, నీటిమట్టం నుంచి అంచు పైకి 550. లోపల ప్లైవుడ్, మొత్తం మందం 45. ఒక పక్క ఫైబర్ ప్లాట్‌ఫారమ్ వేసి దాని కింద మడత నిచ్చెన పెట్టాలా, లేక నేరుగా ట్రాన్సమ్‌కే నిచ్చెన బిగించాలా? బోల్టులు వేయాలా, స్క్రూలు చాలా అన్నదాని మీద కూడా మా దగ్గర రెండు మాటలున్నాయి. వానాకాలం పోటీలు మొదలయ్యేలోపు పని ముగియాలి.

ఫైబర్‌పని_బాలానగర్:
ప్లాట్‌ఫారమే వేయండి. లైఫ్ జాకెట్ వేసుకుని, బట్టలు తడిసి, చేతులు అలిసినవాడు 550 ఎత్తు ఒక్క ఊపున ఎక్కలేడు. నీటికి 150 పైన, ట్రాన్సమ్ నుంచి 450 బయటికి వచ్చే గట్టు ఉంటే ముందు దాని మీద ఛాతీ ఆనిస్తాడు, తర్వాత మోకాలు వేస్తాడు, అక్కడి నుంచి లోపలికి వస్తాడు. 12 మి.మీ. మెరైన్ ప్లై తీసుకుని పైనా కిందా చదరపు మీటరుకు 450 గ్రాముల గ్లాస్‌ఫైబర్ మ్యాట్ మూడేసి పొరలు వేస్తే బలం సరిపోతుంది. నీళ్లు దిగడానికి 25 మి.మీ. రంధ్రాలు ఎనిమిదైనా ఉండాలి. ఆ రంధ్రాల లోపలి అంచులు రెజిన్‌తో మూయకపోతే ప్లై ఉబ్బిపోతుంది. చాలామంది వదిలేసే పని అదే.

నీటిమట్టం:
బాలానగర్ గారూ, మీరు చెప్పిన పద్ధతి విహారానికి తిరిగే బోటుకు సరిపోతుంది. ఇది సేఫ్టీ బోటు. దీని సగం పని బోల్తాపడిన చిన్న పడవలను తాడుతో లాక్కురావడం. ట్రాన్సమ్ రెండు కొక్కేల నుంచి వచ్చే తాడు ఒక పక్కకు గుంజగానే ప్లాట్‌ఫారమ్ మూలకు తట్టుకుంటుంది, మూల చిట్లుతుంది. రెండోది, ఈ బోటు తరచూ రివర్స్‌లో పోవాలి. వెనక్కి పోతున్నప్పుడు నీళ్లు ప్లాట్‌ఫారమ్ మీదికి ఎక్కుతాయి. వేగం ఒక్కసారిగా తగ్గిస్తే వెనకాల అల వచ్చి అడుగున కొడుతుంది. పైనుంచి మనిషి బరువు, కిందనుంచి ఈ దెబ్బ. రెండూ ఒకే బోల్టుల మీద పడతాయి.

అసలు చూడాల్సింది నీళ్ల కింద ఎంత లోతుకు మెట్టు దిగుతుందన్నది. అమెరికాలో బోట్లకు ప్రమాణాలు రాసే ఏబీవైసీ వాళ్ల హెచ్-41 ప్రకారం అడుగు మెట్టు నీటిమట్టానికి కనీసం 560 మి.మీ. కింద ఉండాలి, నీళ్లలో ఉన్నవాడే ఎవరి సాయం లేకుండా దాన్ని దించుకోగలగాలి. కారణం సులువే. మెట్టు 300 లోతులోనే ఉంటే దాని మీద పాదం పెట్టడానికి మోకాలు ఛాతీ దాకా రావాలి. లైఫ్ జాకెట్ అడ్డం పడి రానివ్వదు. పైగా బలం పెట్టగానే కాళ్లు బోటు కిందికి ఈడ్చుకుపోతాయి, మనిషి వెల్లకిలా అవుతాడు. మీ లెక్కకు, అంచు మీద బిగించిన నిచ్చెనకు 280 ఎడంతో నాలుగు మెట్లుంటే 1120 దిగుతుంది, అంటే నీటి కింద 570. మూడు మెట్లది కొంటే 290 దగ్గరే ఆగిపోతుంది. బజారులో ఎక్కువగా దొరికేది మూడు మెట్లదే, జాగ్రత్త.

రాణిగంజ్_బోల్టు:
నిచ్చెన ముచ్చట తర్వాత చూద్దాం గని అన్నా, ముందు లోహం సంగతి చూసుకోండ్రి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అని చెప్పి తక్కువ రకం 202 పైపు అంటగట్టేది మస్తు నడుస్తది. అయస్కాంతంతోని తెల్వది, రెండూ అంటుకోవు. వంచిన కాడ రెండూ జర అంటుకుంటయి. 202ల మాంగనీస్ ఎక్కువ ఉంటది, దాన్ని చూసే చుక్క పరీక్ష మందు దొరుకుతది, షాపులనే వేసి చూపియ్యమని అడగండ్రి. సముద్రం కాదు గదా, అసలు 304 అయితే మనకు చాలు, 316కు పైసలు పెట్టే పని లేదు. అయితే ఆర్గాన్ వెల్డింగ్ చేసిన కాడ నీలం, గోధుమ రంగు మచ్చ వస్తది. దాన్ని పిక్లింగ్ పేస్టుతోని తియ్యాలె, లేకుంటే తుప్పు ఆడికెల్లే మొదలైతది.

స్క్రూ మాట ఎత్తకండ్రి. లెక్క చూడు: 100 కిలోల మనిషి ప్లాట్‌ఫారమ్ మీద ట్రాన్సమ్‌కు 450 దూరంల నిలబడ్డడు, బ్రాకెట్‌ల పై బోల్టుకు కింది ఆనుడుకు ఎడం 200 అనుకో. పై బోల్టుల మీద గుంజుడు 225 కిలోలు. దుంకితే దానికి రెండు మూడింతలు. 8 మి.మీ. స్టీల్ బోల్టు తెగదు, దానికి టన్ను పైన తాకత్ ఉంటది. నలిగేది ప్లైవుడ్. అందుకే లోపట పెద్ద ప్లేటు పెట్టి బరువును పరుచాలె. స్క్రూ అయితే చెక్క పట్టు మీదనే ఉంటది, ఒక్కసారి తడి లోపటికి పోయిందంటే పట్టు అయిపాయె.

సాగర్_గట్టు:
లోపల ప్లేటుకు అల్యూమినియం వాడవచ్చా? 6 మి.మీ.ది చేతిలో ఉంది.

రాణిగంజ్_బోల్టు:
వద్దన్నా. లోపట ఎప్పుడూ తడే ఉంటది. స్టీల్ బోల్టు, అల్యూమినియం, నీళ్లు కలిస్తే అల్యూమినియం తినుకపోతది, తెల్ల పొడి రాలుతది. 8 మి.మీ. ఫైబర్ ప్లేటు కొట్టించుకో, ఒక్కో బోల్టుకు 30 మి.మీ. వెడల్పు వాషర్, వదులు కాని నైలాక్ నట్టు. స్టీలుకు స్టీలు పట్టేసుకుంటది, గ్రీజు పెట్టి చేత్తోనే మెల్లగ తిప్పు. మిషన్‌తోని తిప్పితే వేడికి ఆడనే బిగుసుకుంటది, కోసి తియ్యాలె.

ఫైబర్‌పని_బాలానగర్:
తాడు మాట ఒప్పుకుంటాను, దానికి ప్లాట్‌ఫారమ్ అడ్డమే. కానీ స్పృహ లేనివాణ్ని నిచ్చెన మీద ఎలా ఎక్కిస్తారు? ఇంకొకటి, నిచ్చెన ఇంజిన్ పక్కనే ఉంటుంది, ప్రొపెల్లర్ అక్కడే ఉంటుంది. దానికేం చెబుతారు?

నీటిమట్టం:
స్పృహ లేనివాడికి ప్లాట్‌ఫారం కూడా సరైన చోటు కాదు. ఇద్దరు వంగి 80 కిలోల తడి మనిషిని 150 ఎత్తుకు లాగడం కష్టం. పక్క అంచుకు కట్టిన వల లేదా గట్టి గుడ్డను అతని కిందుగా పోనిచ్చి, బయటి అంచు పట్టుకుని పైకి లాగితే మనిషి దొర్లుకుంటూ లోపలికి వస్తాడు. బరువులో సగమే చేతుల మీద పడుతుంది. సేఫ్టీ బోటులో అలాంటి గుడ్డ ఒకటి ఉండి తీరాలి, నిచ్చెన ఉన్నా లేకున్నా.

ప్రొపెల్లర్ విషయంలో మీ భయం న్యాయమైనదే. నిచ్చెన ఎక్కుతున్నంత సేపు ఇంజిన్ పూర్తిగా ఆగి ఉండాలి. న్యూట్రల్ చాలదు, ఇంజిన్‌ను ఆపేసే కిల్ స్విచ్ తాడు పీకేయాలి. చోటు గుర్తించే ముందు ఇంజిన్‌ను రెండు పక్కలకూ చివరి దాకా తిప్పి, పూర్తిగా పైకి లేపి చూడండి. దానికీ నిచ్చెనకూ 75 మి.మీ. తగ్గకుండా ఎడం ఉండాలి. నిచ్చెన బోటు బయటి అంచుకు ఎంత దగ్గరైతే అంత మేలు. పక్క గోడకు పెట్టమని అనేవాళ్లున్నారు. సన్నటి బోటులో 90 కిలోల మనిషి పక్క నుంచి ఎక్కితే బోటు అటే ఒరుగుతుంది, లోపలివాళ్లూ అటే జారతారు.

నిచ్చెన నిటారుగా వేలాడకూడదు. కింది భాగం బోటు నుంచి 10, 15 డిగ్రీలు బయటికి ఉండేలా రబ్బరు తొడిగిన ఆనుడు కాళ్లు ఉండాలి. మెట్లు గుండ్రటి పైపు కాక 50 మి.మీ. వెడల్పు పట్టీ అయితే ఉత్తకాళ్లకు నొప్పి ఉండదు. పైన చేతికి అందే పిడి ఒకటి విడిగా బిగించండి, అది లేకపోతే చివరి మెట్టు దగ్గర మనిషి ఆగిపోతాడు.

ఒకదాంట్లో ఒకటి దూరే పైపుల టెలిస్కోపిక్ రకం ఈ చెరువుకు నాకు నచ్చదు. ఇక్కడి బురద, నాచు పైపుల్లోకి పోయి ఆరిపోతే అవసరం వచ్చిన రోజు కిందికి జారదు. మధ్యలో కీలుతో మడిచేది తీసుకోండి. ఒడ్డు దగ్గర మాత్రం నిచ్చెన దించి బోటు నడపవద్దు. నిమజ్జనం తర్వాత విగ్రహాల ఇనప చువ్వలు, కర్రలు అడుగున ఉంటాయి, గుర్రపుడెక్క కూడా చుట్టుకుంటుంది.

సాగర్_గట్టు:
అయితే నిచ్చెనే, కీలుది. రంధ్రాలు వేసే పద్ధతి చెప్పండి.

ఫైబర్‌పని_బాలానగర్:
ముందు చిన్న సుత్తితో ట్రాన్సమ్ అంతా తట్టండి. గట్టిగా టక్కుమంటే మంచి చెక్క, మొద్దుగా వినిపిస్తే లోపల కుళ్లు. అనుమానమున్న చోట లోపలివైపు నుంచి 3 మి.మీ. రంధ్రం వేసి పొట్టు చూడండి. ఎర్రగా పొడిగా వస్తే సరే, నల్లగా వేలికి అంటుకుంటే ఏ నిచ్చెనా బిగించకండి, ముందు చెక్క మార్చాలి. పాత నిచ్చెన రంధ్రాల చుట్టూ తప్పకుండా చూడండి, బిగింపు వదులైందంటే అక్కడికి నీళ్లు చేరి ఉంటాయి.

బోల్టు 8 మి.మీ. అయితే రంధ్రం 13 వేయండి. జెల్‌కోట్ (ఫైబర్ పైనుండే నున్నటి పూత) మీద టేపు అంటించి, మొదట డ్రిల్లును వెనక్కి తిప్పుతూ గాడి చేస్తే అంచు చిట్లదు. బయటివైపు టేపుతో మూసి, ముందు పలుచటి ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెజిన్) పూసి చెక్కకు తాపండి, తర్వాత సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ నింపండి. 24 గంటల తర్వాత దాని మధ్యలో 8.5 రంధ్రం వేస్తే బోల్టు చెక్కను తాకదు. ఇక నీళ్లు కారినా ప్లైకి చేరవు. మన ఏప్రిల్, మే ఎండల్లో ఎపాక్సీ గిన్నెలోనే ఉడికిపోతుంది. 10 డిగ్రీలు పెరిగితే పనిచేసే సమయం సగమవుతుంది. స్లో హార్డెనర్ తీసుకుని, 100 గ్రాములకు మించి ఒకసారి కలపకుండా తెల్లవారుజామునే చేయండి.

సీలెంట్‌కు సిలికాన్ వద్దు, అది పోసిన చోట మళ్లీ ఏదీ అంటదు. పాలీయురేథేన్ వాడండి. అందులోనూ త్రీఎమ్ 5200 శాశ్వతంగా అంటుకునేది, నిచ్చెన విప్పాల్సి వస్తే జెల్‌కోట్ ఊడివస్తుంది. 4200 చాలు.

నీటిమట్టం:
రంధ్రం బయటి అంచును కాస్త ఏటవాలుగా చెక్కండి, సీలెంట్ అక్కడ ఉంగరంలా నిలుస్తుంది. బోల్టు తల కదలకుండా ఒకరు పట్టుకోవాలి, తిప్పేది లోపలి నట్టునే. తల తిరిగితే ఆ ఉంగరం తెగుతుంది. లోపల నట్టుకు చేయి అందకపోతే స్క్రూతో సరిపెట్టకుండా 150 మి.మీ. తనిఖీ మూత కోయండి. పాలీయురేథేన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, ఎండాకాలంలో ఆలస్యమవుతుంది, వారం ఆగి నీళ్లలోకి దించండి. జెట్టీ పక్కన 90 కిలోల మనిషిని లైఫ్ జాకెట్‌తో నీళ్లలోకి దించి, నిచ్చెన తనే లాగి దించుకుని ఎక్కమనండి. ఆ సమయంలో లోపల ఇంకొకరు టార్చితో ఫైబర్ ప్లేటు అంచులు చూడాలి. ప్లేటు కదిలినా, చెమ్మ కనిపించినా విప్పి మళ్లీ బిగించండి.