అప్‌డేట్: బదిలీ పూర్తికాకముందే రియాక్టర్ ఖాళీ అని చూపించే సమస్య తీరింది

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. సమస్య ఇదీ: ఐఎస్ఏ-88 (బ్యాచ్ తయారీ ప్రమాణం) రెసిపీలను ఐఎస్ఏ-95 (ఫ్యాక్టరీ, ఆఫీసు సిస్టమ్‌లను కలిపే ప్రమాణం) సెగ్మెంట్లుగా, అంటే పని దశలుగా మార్చి, బి2ఎంఎంఎల్ (ఐఎస్ఏ-95 సమాచారం రాసే ఎక్స్ఎంఎల్ ఫార్మాట్) ఫైల్‌తో షెడ్యూలర్‌కి (ఏ పని ఏ పరికరంలో ఎప్పుడో నిర్ణయించే సాఫ్ట్‌వేర్) పంపితే, రియాక్టర్‌లోని సరుకు క్రిస్టలైజర్‌లోకి (స్ఫటికాలు కట్టించే పాత్ర) దిగుతుండగానే రియాక్టర్‌కి తర్వాతి బ్యాచ్ కేటాయించేసేది.

పనిచేసింది బదిలీని విడి సెగ్మెంట్‌గా పెట్టమన్న సలహా. ఇదివరకు బదిలీకి పట్టే 45 నిమిషాలు క్రిస్టలైజర్ లెక్కలోనే ఉండేవి. ఇప్పుడు బదిలీ సెగ్మెంట్‌లో సరుకు ఇచ్చే రియాక్టర్, తీసుకునే క్రిస్టలైజర్ రెండూ ఎక్విప్‌మెంట్ రిక్వైర్‌మెంట్లుగా (కావలసిన పరికరాలుగా) ఉన్నాయి. రియాక్టర్ క్లీనింగ్ కూడా విడి సెగ్మెంటే. బదిలీ ముగిశాకే మొదలవ్వాలని డిపెండెన్సీ ఇచ్చాం.

ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్త. ఫలానా పరికరం అని కాకుండా ఎక్విప్‌మెంట్ క్లాస్ (పరికరం రకం) మాత్రమే రాస్తే, రియాక్షన్ ఒకటో రియాక్టర్‌లో జరిగినా బదిలీకి షెడ్యూలర్ రెండో రియాక్టర్‌ని ఎంచుకోగలదు. అందుకే ఒకే బ్యాచ్‌కి చెందిన రియాక్షన్, బదిలీ, క్లీనింగ్ సెగ్మెంట్లకు ఒకే విలువతో ఒక ప్రాపర్టీ పెట్టాం. ఆ విలువ కలిసిన చోట అదే పరికరం తీసుకోవాలని షెడ్యూలర్‌లో రూల్ రాశాం. అసలు పరిష్కారం ఇదే అనుకోవచ్చు.

టైమ్‌జోన్ తేడా వల్లే ఇలా అవుతోందేమో అన్న అనుమానం కూడా తీరింది, కారణం అది కాదు. అదే కారణమైతే షెడ్యూల్‌లోని అన్ని వరుసల సమయాలూ సమానంగా 5:30 గంటలు పక్కకి జరగాలి, ఇక్కడ అలా కాలేదు. అయినా సమయాల చివర +05:30 రాయడం మంచిదే, ఉంచేశాం.