ఆదివారం ప్రసంగం ఎంతసేపు ఉండాలి?

కాజీపేట జంక్షన్: అందరికీ వందనాలు. మా సంఘంలో వాక్యం పదకొండుకు మొదలైతే పన్నెండుంబావు దాకా సాగుతుంది. రేకుల షెడ్డు, ఎండాకాలం, మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాల్సిన రైల్వే వాళ్లు. చంటిపిల్లలు ఏడిస్తే తల్లులు బయట వేపచెట్టు కింద నిలబడతారు, వాళ్ల చెవిన పడేది సగమే. 2024లో పోప్ ఫ్రాన్సిస్ కూడా ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటొద్దన్నారు. మనకు ఇరవై నిమిషాలు చాలవా? కమిటీలో పెడదామనుకుంటున్నా.

డోర్నకల్ మనవడు: పెట్టకండి బ్రదర్. బైబిల్లో నెహెమ్యా 8 చదవండి. ఎజ్రా పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివితే జనం నిలబడి విన్నారు, ఆలయ సేవ చేసే లేవీయులు అర్థం విడమరిచి చెప్పారు. మూడు గంటల సినిమాకు లేని ఇబ్బంది వాక్యానికే ఎందుకు? మా తాతల తరంలో ఊళ్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ. ఆదివారం విన్నదే వాళ్ల బైబిల్. పొలంలో పని చేసుకుంటూ దాన్నే వారమంతా చెప్పుకునేవాళ్లు.

పరకాల: అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే ఐతుకు అనే కుర్రాడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. అపొస్తలుల కార్యములు 20.

డోర్నకల్ మనవడు: పూర్తిగా చదవండి. పౌలు కిందికి దిగి అతన్ని కౌగిలించుకున్నాడు, అతను బతికాడు. తర్వాత పైకెళ్లి తెల్లారే దాకా మాట్లాడాడు. ఆపలేదు.

పరకాల: పడ్డది మాత్రం నిజమే కదా.

ఫాతిమానగర్: పోప్ గారి మాట ఇక్కడికి తేవడం సరికాదు. మా కాథలిక్ పూజలో దివ్యసత్ప్రసాదం, అంటే ప్రభువు శరీరంగా స్వీకరించే అప్పం, ప్రధానం. ప్రసంగం అందులో ఒక భాగం, పూజలో అది గురువులో, ఆయన తర్వాతి హోదాలో ఉండే డీకన్లో చెప్పాలి. పఠనాలు కూడా మూడేళ్ల క్రమంలో ముందే నిర్ణయమై ఉంటాయి. మీ ఆరాధనకు ప్రసంగమే వెన్నెముక. రెండింటికీ ఒకే గడియారం పెడితే ఎలా?

హన్మకొండ టీచరమ్మ: అందరూ నిమిషాలే లెక్కపెడుతున్నారు. నా బాధ వేరు. మా పెద్దమ్మాయి వేరే మతం అబ్బాయిని చేసుకుంది. తర్వాత వచ్చిన ఆదివారమే మా పాస్టర్ గారు ‘అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి’ అనే వాక్యం తీసుకుని, ‘పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ల ఇళ్లల్లోనే ఇలా ఉంటే’ అన్నారు. పేరు చెప్పలేదు. ముందు బెంచీలో ఇద్దరు వెనక్కి తిరిగి నన్ను చూసి మళ్లీ అటు తిరిగారు. మా ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయారు, ఆ తర్వాత ఆ మెట్లెక్కలేదు. ఆ రోజు ప్రసంగం పొట్టిదే.

డోర్నకల్ మనవడు: అక్కా, బాధగానే ఉంటుంది. కానీ పాపాన్ని పాపం అనకపోతే కాపరి ఎందుకు? తప్పు చేసిన దావీదు రాజును నాతాను ప్రవక్త ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు.

హన్మకొండ టీచరమ్మ: నాతాను రాజు దగ్గరికి వెళ్లి ముఖం మీదే అన్నాడు. తలచుకుంటే చంపించగల రాజుతో అన్నాడు. మైకు పట్టుకుని, లేచి మాట్లాడే వీలు లేని ఆడమనిషి గురించి అనలేదు. మత్తయి 18లో ప్రభువు ఏమన్నారు? సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమన్నారు. మా ఇల్లు చర్చి వెనక వీధిలోనే ఉంది.

డోర్నకల్ మనవడు: ఇక సూటిగా అంటున్నా. పాస్టర్లంటే ఇప్పుడు అందరికీ లోకువ. మా నాయన ఊరూరా సైకిల్ తొక్కి వాక్యం చెప్పాడు. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, అమ్మ బియ్యం అప్పు తెచ్చేది. చివరికి ఆయన సంఘమే ‘అయ్యగారి ప్రసంగం పాతబడింది’ అని పెద్ద మైకుల సభలకు పోయింది. ఆయన మంచం పడితే చూడ్డానికి వచ్చినవాళ్లు లేరు. మీరు నిమిషాలు లెక్కపెడుతుంటే నాకు ఆయనే గుర్తొస్తున్నాడు.

ఫాతిమానగర్: అన్నా, టీచరమ్మ గారు మీ నాయన గురించి అనలేదు.

హన్మకొండ టీచరమ్మ: ఇంటింటికీ తిరిగిన మనిషి ఎవరిల్లు ఎట్లుందో తెలిసే మాట్లాడి ఉంటాడు తమ్ముడూ. ఆయనంటే నాకు గౌరవమే. నేనడిగేది ఒక్కటే: పల్పిట్ మీద నుంచి అన్న మాటకు కింద కూర్చున్నవాళ్లు ఎక్కడ జవాబివ్వాలి? మీ డోర్నకల్ బిషప్ అజరయ్య గారి సంగతే తీసుకోండి. 1912లో ఆంగ్లికన్ సభలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తలపైనే చెయ్యి పెట్టించి, ‘నేను బాప్తిస్మం పొందినవాణ్ని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ’ అనిపించేవారు. కూలి చేసుకునే వాళ్ల చేత, ఆడవాళ్ల చేత కూడా. వాక్యం చెప్పే బాధ్యత అందరిదైతే, అడిగే హక్కు ఒక్కరికీ లేదా? పౌలు చెప్పినవి నిజమో కాదో బెరయ ఊరివాళ్లు రోజూ లేఖనాలు వెతికి చూసుకున్నారు. అందుకు వాళ్లను ఘనులని రాశారే గానీ ఎదురు చెప్పారని రాయలేదు.

డోర్నకల్ మనవడు: అజరయ్య గారు పంపింది వాక్యం తెలియని ఊళ్లకు. పల్పిట్ ఎక్కి పాస్టర్ని నిలదీయమని కాదు. ఆదివారం ఆరాధనలో ప్రశ్నలు పెడితే ఊళ్లో కుల పంచాయితీలు, కమిటీ ఎన్నికల కొట్లాటలు అన్నీ బలిపీఠం ముందుకొస్తాయి. మా సంఘం ఒకసారి అట్లనే రెండు ముక్కలైంది, అందుకే ఒప్పుకోను. మీ అమ్మాయి సంగతి మాత్రం పాస్టర్ గారు మీ ఇంటికొచ్చి మాట్లాడాల్సింది. అక్కడ మీ మాటే న్యాయం.

కాజీపేట జంక్షన్: మరి బుధవారం గృహకూడికలో ఆదివారం వాక్యం మీద అరగంట ప్రశ్నలకు ఇస్తే? ఇరవై నిమిషాల సంగతి నేను ఎలాగూ కమిటీలో పెడతా.

డోర్నకల్ మనవడు: బుధవారమైతే నాకు అభ్యంతరం లేదు. నిమిషాలకు మాత్రం ఒప్పుకోను.

పరకాల: అక్కా, అట్లాంటి కూడిక పెడితే మీ ఆయన వస్తారా?

హన్మకొండ టీచరమ్మ: ముందు పాస్టర్ గారు మా ఇంటికి రావాలి. ఆ తర్వాత ఆయన్ని నేనే తీసుకొస్తా.