అప్‌డేట్: మా అమ్మాయి బస్సులో తనంతట తానే వెళ్లి వస్తోంది

చదవడం, లెక్కలు కష్టమయ్యే మా అమ్మాయికి కాజీపేట నుంచి హనుమకొండకు బస్సులో ఒంటరిగా వెళ్లడం ఎలా నేర్పాలని ఇదివరకు అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇప్పుడు కుట్టు శిక్షణకు తనే వెళ్తోంది.

‘బోర్డు చదవమనకండి, గుర్తులు చూపించండి’ అన్న సలహా బాగా పనిచేసింది. దారిలో వచ్చే ఫాతిమానగర్, నిట్ గేటు, అదాలత్ స్టాపుల ఫొటోలు వరుసగా అట్ట మీద అంటించాం. అదాలత్ దాటగానే సంచి భుజాన వేసుకొని సిద్ధంగా ఉంటుంది. మొదట పక్కన కూర్చున్నాను, తర్వాత వెనుక సీటుకు మారాను, ఆపైన దిగే చోట నిలబడ్డాను. ఇలా మెల్లగా దూరం జరగడమే అన్నిటికన్నా ముఖ్యం. దయచేసి తొందరపడకండి.

తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. దానివల్ల చిల్లర లెక్కపెట్టే పని లేకుండా పోయింది. అయితే ఆధార్ చూపించి జీరో టికెట్ (డబ్బు కట్టక్కర్లేని టికెట్) అడిగి తీసుకోవడం నేర్పాలి.

ఒకరోజు దిగాల్సిన చోటు దాటిపోయింది. కంగారుపడకుండా కండక్టరుకు అట్ట వెనుక వైపు చూపించింది. అక్కడ దిగాల్సిన చోటు, నా నంబరు, అత్యవసర సాయానికి 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాసి ఉన్నాయి. ఆయన తర్వాతి స్టాపులో దింపి నాకు ఫోను చేయించారు. ఆ రోజు నా బిడ్డ ధైర్యం చూసి కళ్లు చెమర్చాయి.

సాయంత్రం రద్దీకి మాత్రం ఇంకా బెదురుతోంది. దానికి మీ పిల్లలతో ఏం చేశారో చెప్పగలరా?