ఈకల పిండిలో 80 శాతం ప్రోటీన్ ఉందంటే సోయా తగ్గించేయొచ్చా?

ప్రశ్న:
బ్రాయిలర్లకి దాణా సొంతంగా కలుపుకుంటున్నాను. సోయా చెక్కలో ప్రోటీన్ 45 శాతం దగ్గర ఆగిపోతుంటే ఈకల పిండి రిపోర్టులో 80 పైనే కనిపిస్తోంది. సగం సోయా తీసేసి ఇది కలిపితే ఏమవుతుంది? అసలు పచ్చి ఈకలే ఎండబెట్టి మర పట్టిస్తే సరిపోదా?

జవాబు 1:
పచ్చి ఈకల జోలికి వెళ్లకండి. ఈక అంటే దాదాపు అంతా కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్, దాని పోగుల్ని గంధకం బంధాలు బిగించి ఉంచుతాయి, కోడి కడుపులోని ఎంజైములు వాటిని తెంచలేవు కాబట్టి తిన్నదాంట్లో ఎక్కువ భాగం రెట్టలోనే పోతుంది. ల్యాబ్‌వాళ్లు నైట్రోజన్ కొలిచి 6.25తో హెచ్చవేసి ప్రోటీన్ అని రాస్తారు, అందులో ఎంత ఒంటపడుతుందో ఆ అంకె చెప్పదు. అందుకే మూసిన కుక్కర్‌లో ఆవిరి పీడనం మీద, 130–145 డిగ్రీల దగ్గర అరగంటో ఆ పైనో ఉడికించి, ఆరబెట్టి, ఆ తర్వాతే పిండి కొడతారు.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే, కానీ ఉడుకు ఎక్కువైనా నష్టమే. ఈకలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ని కట్టే ముక్కల్లో ఒకటి) దెబ్బతిని లాంతియోనిన్ అనే వేరే పదార్థం తయారవుతుంది, అది పక్షికి పెద్దగా పనికిరాదు. కుక్కర్ నుంచి తీసిన ఈక చూడ్డానికి ఈకలాగే ఉండొచ్చు, ఆరాక వేళ్ల మధ్య నలిపితే మాత్రం కాడతో సహా పొడైపోవాలి. పీచు పీచుగా సాగితే ఉడకలేదు, నల్లబడి మాడు వాసనొస్తే మాడింది. కొనేటప్పుడు పెప్సిన్ డైజెస్టిబిలిటీ రిపోర్టు (కడుపులోని పెప్సిన్ ఎంజైముకి ప్రోటీన్ ఎంత శాతం అరుగుతుందో చెప్పే పరీక్ష) అడగండి, 75 శాతం కన్నా తక్కువుంటే వద్దు.

ప్రశ్న అడిగినవారు:
సరే, బాగా ఉడికిన పిండే దొరికిందనుకోండి, అప్పుడు సగం సోయా తీసేయొచ్చా?

జవాబు 3:
వద్దండీ, కోడిపిల్లలు ఎదగవు. సోయా ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం 6 శాతం దాకా ఉంటే ఈకల ప్రోటీన్‌లో రెండు, రెండున్నరే. మిథియోనిన్, హిస్టిడిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు కూడా తక్కువే. మొత్తం దాణాలో 2–3 శాతంతో మొదలుపెట్టి, లైసిన్, మిథియోనిన్ లోటు విడిగా పూడ్చండి, స్టార్టర్ దాణాలో (పిల్లలకి మొదట్లో పెట్టేది) అసలు కలపకండి. ఇంకోమాట, కోడి నుంచి వచ్చింది కోడికే పెట్టడం కొన్ని దేశాల్లో నిషేధం, కాబట్టి ముందు మీ దగ్గరి రూల్ చూసుకోండి.

జవాబు 4:
సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ వేడికి అది చస్తుంది, కానీ పచ్చి ఈకలు ఎత్తిన పారతోనే ఉడికిన పిండినీ ఎత్తితే మళ్లీ అంటుకుంటుంది. పచ్చి సరుకు దిగే చోటు, పిండి నింపే చోటు వేర్వేరుగా ఉన్నాయో లేదో స్వయంగా చూశాకే కొనండి.