సీఏ ఫైనల్: సిలబస్ సగంలో ఉండగా మాక్ రాయడం దండగా?

సస్పెన్స్‌ఖాతా
గ్రూప్ 1 కి 58 రోజులుంది. ఎఫ్‌ఆర్ (ఫైనాన్షియల్ రిపోర్టింగ్) సగం అయింది, ఏఎఫ్‌ఎం (అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్) ముప్పావు. ఆడిట్ ఒక రౌండు తిరగేశాను గానీ పుస్తకం మూస్తే ఒక్క ముక్క తట్టడం లేదు. మాక్‌లు (నమూనా పరీక్షలు) ఇప్పుడే మొదలుపెట్టాలా, సిలబస్ అయ్యాకా? దయచేసి "నీ వీలునిబట్టి" అని మాత్రం చెప్పకండి.

గోదారిగట్టు
ఇప్పుడే తమ్ముడూ. అయితే ఫుల్ పేపర్ వద్దు. చదివేసిన చాప్టర్లలోంచి ప్రశ్నలు ఏరుకుని 50 మార్కుల పేపర్ నువ్వే తయారు చేసుకో. 15 మార్కులకి ఎంసీక్యూలు, 35 మార్కులకి డిస్క్రిప్టివ్, టైమ్ 90 నిమిషాలు. ప్రశ్నలు పాత అటెంప్టుల ఎంటీపీల్లోంచి (మాక్ టెస్ట్ పేపర్లు), ఆర్‌టీపీల్లోంచి (రివిజన్ టెస్ట్ పేపర్లు) తీసుకో. నీ అటెంప్టుకి ఐసీఏఐ (పరీక్ష పెట్టే సంస్థ) ఇచ్చే మాక్ పేపర్లు సిరీస్ 1, సిరీస్ 2 మాత్రం చూడకుండా దాచిపెట్టు, చివరి మూడు వారాల్లో పనికొస్తాయి. ఇప్పుడే పీడీఎఫ్ తెరిచి "ఒకసారి చూద్దాం" అన్నావో, ఆ పేపర్ నీకిక మాక్ కాదు, మామూలు చదువే.

టైమ్ లెక్క ఇది: 180 నిమిషాలు, 100 మార్కులు, మార్కుకి 1.8 నిమిషాలు. ఏడు మార్కుల బిట్‌కి పన్నెండున్నర. పదమూడు దాటితే సగంలో ఉన్నా వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోవాలి. ఈ వదిలేయడం చేత్తో అలవాటు కావాలి, చదివితే వచ్చేది కాదు.

రాసిన రోజే దిద్దొద్దు. మర్నాడు ఎర్ర పెన్ను పట్టుకుని స్టెప్పు స్టెప్పుకీ మార్కు వెయ్. పోయిన ప్రతి మార్కు పక్కన ఒక అక్షరం రాయి. తె అంటే అసలు తెలియదు. మ అంటే తెలుసు గానీ గుర్తు రాలేదు. చ అంటే ప్రశ్న సరిగ్గా చదవలేదు. లె అంటే లెక్క తప్పింది. రెండు పేపర్లు దిద్దేసరికి ఏ అక్షరం ఎక్కువ పడుతోందో కనిపిస్తుంది, ఆ వారం పని దాన్నిబట్టే.

నిండుకుండ
1.8 అనే లెక్కే తప్పండి. పేపర్లో 30 మార్కులు కేస్ సినారియో ఎంసీక్యూలు, 70 డిస్క్రిప్టివ్. మీ లెక్కన ఎంసీక్యూలకి 54 నిమిషాలు ఇవ్వాలి. రెండేసి మార్కులవి 15 ప్రశ్నలనుకుంటే 45లో ముగించాలి, లేకపోతే కింద ఊపిరాడదు. 45 తీసేస్తే 135 మిగులుతుంది. 14 మార్కుల ప్రశ్నలు ఐదు, ఒక్కోదానికి 27 నిమిషాలు. అంటే మార్కుకి 1.93. కొత్తగా వచ్చినవాళ్లకి తప్పుడు అంకె నేర్పకండి.

అసలు విషయానికొస్తే సిలబస్ కాకుండా మాక్ రాస్తే 31 మార్కులు వస్తాయి. అది చూసి మనిషి నీరుగారిపోతాడు తప్ప ఒరిగేదేమీ లేదు. మూడు రౌండ్లు శ్రద్ధగా చదివి, స్టడీ మెటీరియల్లో ఇలస్ట్రేషన్లన్నీ చేత్తో చేస్తే పేపర్ దానంతటదే వస్తుంది.

ఉప్పల్_ఆర్టికల్
దానంతటదే వచ్చేదైతే మనమందరం ఇక్కడెందుకుంటాం సార్ 😀

గోదారిగట్టు
@నిండుకుండ గారూ, 1.8 అన్నది సగటు, శాసనం కాదు. 27 నిమిషాల మాటకి నేనేమీ అడ్డు చెప్పను. కానీ మీ 1.93 కూడా ఎఫ్‌ఆర్‌లో నిలబడదు. 14 మార్కుల కన్సాలిడేషన్‌కి (గ్రూప్ కంపెనీల ఖాతాలు కలిపే లెక్క) 38 నిమిషాలు పట్టిందంటే మిగతా నాలుగింటికి ఒక్కోదానికి 24 చొప్పునే మిగులుతుంది. ఆ 38 ఎక్కడ పోతోందో మాక్ రాస్తేనే తెలిసేది.

"ఇలస్ట్రేషన్లన్నీ చేశాను" అనే మాట మీద నాకు అనుమానం ఎందుకో ఒక లెక్కతో చెబుతా. లీజు ఐదేళ్లు, ఏటా 1,00,000, చెల్లింపు ప్రతి ఏడాది ఆరంభంలో, రేటు 10%. మొదటి లక్ష మొదటి రోజే కట్టేశాం కాబట్టి ఆ రోజుకి లీజ్ లయబిలిటీ మిగిలిన నాలుగు చెల్లింపుల ప్రస్తుత విలువే: 3,16,987. కట్టేసిన లక్ష కలిపితే రైట్ ఆఫ్ యూజ్ అసెట్ (లీజు ఆస్తిని వాడుకునే హక్కు) 4,16,987. తొలి ఏడాది వడ్డీ 31,699. పుస్తకం పక్కన పెట్టుకుని చేస్తే ఇది అందరికీ వస్తుంది. టైమ్ పెట్టి రాయిస్తే చాలామంది అలవాటు కొద్దీ ఏడాది చివర కట్టేవాటికి వాడే ఐదేళ్ల యాన్యుటీ 3.7908 పట్టుకుని 3,79,080 అని రెండు చోట్లా రాసేస్తారు. ఇండ్ ఏఎస్ 116 (లీజుల అకౌంటింగ్ ప్రమాణం) రాక కాదు, "ఆరంభంలో" అన్న పదం మీద కన్ను ఆగక. నా లెక్కలో అది చ. దానికి మందు లీజుల చాప్టర్ నాలుగోసారి చదవడం కాదు. ప్రశ్న చదివేటప్పుడు తేదీల కింద, "ఆరంభం", "చివర" లాంటి మాటల కింద గీత గీయడం. మీరు చెప్పే మూడు రౌండ్లలో ఈ జబ్బు బయటపడనే పడదు.

రెండోగ్రూపు
గ్రూప్ 2 వాళ్లకి ఒక జాగ్రత్త. పాత డీటీ (డైరెక్ట్ ట్యాక్స్) పేపర్లు తీసి మాక్ రాసేవాళ్లు జవాబుల్ని గుడ్డిగా నమ్మొద్దు. లిస్టెడ్ షేర్ల మీద లాంగ్ టర్మ్ గెయిన్ 5,00,000 అనుకోండి. 2024 మార్చి 31 లోపు అమ్మితే లక్ష మినహాయించి 10%, పన్ను 40,000. 2024 జూలై 23 నుంచి 1,25,000 మినహాయించి 12.5%, అంటే 46,875. పాత సజెస్టెడ్ ఆన్సర్‌లో (ఐసీఏఐ ఇచ్చే నమూనా జవాబు) 40,000 ఉంటుంది, మీరు సరిగ్గా చేసి తప్పనుకుని కొట్టేస్తారు. ప్రశ్న వాడుకోండి, జవాబు మాత్రం మీ అటెంప్టుకి వర్తించే చట్టంతో మళ్లీ కట్టుకోండి. సవరణల కోసం మొదట ఆర్‌టీపీ చూడాలి. 2025లో ఫైనల్ జనవరి, మే, సెప్టెంబర్ మూడుసార్లు జరిగింది కదా, అందుకే దగ్గరి అటెంప్టుల పేపర్లు ఇప్పుడు ఎక్కువే దొరుకుతాయి. అవి చాలు, ఐదేళ్ల వెనక్కి తవ్వక్కర్లేదు.

అనకాపల్లి_బెల్లం
టెస్ట్ సిరీస్‌కి డబ్బు కట్టాను. పేపర్ పంపిన మూడు వారాలకి "ఇంప్రూవ్ ప్రెజెంటేషన్" అని ఒక్క ముక్క రాసి 44 వేసి పంపారు. ఏ స్టెప్పుకి ఎంత పోయిందో లేదు. మాక్ అంటే ఇదేనా?

గోదారిగట్టు
@అనకాపల్లి_బెల్లం అది మాక్ తప్పు కాదండీ, దిద్దినవాళ్ల తప్పు. ఫెయిలైన పేపర్ ఏదైనా ఉంటే ఫలితాలొచ్చిన 30 రోజుల్లోపు అప్లై చేసి మీ సొంత ఆన్సర్ బుక్ కాపీ తెప్పించుకోండి. ఏ జవాబుకి ఎంత వేశారో కనిపిస్తుంది. దాన్ని సజెస్టెడ్ ఆన్సర్ పక్కన పెట్టి చూస్తే పది టెస్ట్ సిరీస్‌లు చెప్పలేనిది తెలుస్తుంది.

నిండుకుండ
సజెస్టెడ్ ఆన్సర్ సంగతే మాట్లాడదాం. అవి తీరిగ్గా కూర్చుని రాసినవి. ఐదు మార్కుల ఆడిట్ ప్రశ్నకి పేజీన్నర ఉంటుంది. మీరు చెప్పిన 1.8 లెక్కన తొమ్మిది నిమిషాల్లో అది కాపీ కొట్టడానికి కూడా చాలదు. దాన్ని కొలబద్దగా పెట్టి పిల్లల చేత మార్కులు వేయిస్తే ఎవడికైనా సగమే వస్తుంది.

ఉప్పల్_ఆర్టికల్
మళ్లీ 1.8 దగ్గరికే వచ్చాం

గోదారిగట్టు
సజెస్టెడ్ ఆన్సర్‌ని అక్షరం అక్షరం పోల్చమని ఎవరన్నారు? అందులో మూడు చూడాలి. నిబంధన ఏంటి, ఇచ్చిన కేసుకి ఎలా అన్వయించారు, ముగింపు ఏంటి. ఐదు మార్కుల్లో సుమారుగా 2, 2, 1 అనుకుని వేసుకోవడం. నిబంధన మాత్రమే రెండు పేజీలు రాసి ముగింపు మరిచిపోయేవాళ్లు కోకొల్లలు.

ఇంకో మాట. మీరు మాక్ రాయొద్దంటారు గానీ, హాల్లో కూర్చున్నాక తెలిసేవి కొన్నుంటాయి. 1:45 నుంచి 2:00 వరకు రీడింగ్ టైమ్. మొదటి ప్రశ్న కంపల్సరీ, మిగతా ఐదింట్లో నాలుగు. ఏది వదలాలో ఆ పావుగంటలోనే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా ఐదూ రాసేస్తే ఆన్సర్ బుక్‌లో ముందు రాసిన నాలుగే దిద్దుతారు, చివర్లో రాసింది ఎంత బాగున్నా లెక్కలోకి రాదు. మధ్యలో మనసు మారితే పాత జవాబు అడ్డంగా కొట్టేయాలి. ఎంసీక్యూల్లో నెగెటివ్ లేదు కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలకూడదు. వర్కింగ్ నోట్స్ చివరి పేజీలో రఫ్‌గా కాకుండా జవాబులో భాగంగా ఉండాలి. ఇవన్నీ అందరూ విన్నవే. విన్నవాళ్లే హాల్లో తప్పులు చేస్తారు. మూడు రౌండ్లు చదివి మాక్ రాయనివాళ్లే ఆడిట్‌లో 36, 37 దగ్గర ఆగిపోయేది.

నిండుకుండ
ఆగిపోయేవాళ్లు ఎవరో కూడా చెప్పండి మరి. ఫైనల్ పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి, లేదా హిందీలో. తెలుగు లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్లో అకస్మాత్తుగా ఇంగ్లిష్‌లో పడ్డవాడికి ఎస్‌ఏ 705 (ఆడిటర్ ఒపీనియన్ ఎప్పుడు మార్చాలో చెప్పే ఆడిట్ ప్రమాణం) మీకంటే బాగా తెలిసుండొచ్చు. వాక్యం కుదరదు. మొదటి లైన్ రాయడానికే రెండు నిమిషాలు పోతాయి. మీ మాక్ కొలిచేది వాడి ఆడిట్‌ని కాదు, వాడి ఇంగ్లిష్ వేగాన్ని. 34 వేసుకుని వాడు "నాకు ఆడిట్ రాదు" అనుకుంటాడు. ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లదీ ఇదే గొడవ. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవాడికి మూడు గంటల పేపర్ రాయమని ఎవడు సలహా ఇస్తాడు? ఆరు నెలలు ఇంట్లో కూర్చుని చదివేవాళ్లకి సరిపోయే మాట అందరికీ చెప్పకండి. నా బాధ ఇది. 1.8 కాదు.

రెండోగ్రూపు
ఇదేదో మొదటి పోస్టులోనే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదండీ

గోదారిగట్టు
ఇప్పుడు మీరు చెప్పింది నిజం. పరీక్ష న్యాయంగా ఉందా అంటే, ఈ విషయంలో లేదనే నేనూ అంటా. కానీ సస్పెన్స్‌ఖాతా అడిగింది అది కాదు. ఇంకా 58 రోజుల్లో పరీక్ష ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. వాక్యం కుదరనివాడికి మూడు రౌండ్ల చదువు ఏం చేస్తుంది? చదివినప్పుడల్లా "అర్థమైంది" అనిపిస్తుంది, అంతే. చేతికి పని చెప్పాల్సింది ముందు వాడే.

గోయింగ్ కన్సర్న్ తీసుకోండి, ఎస్‌ఏ 570. కంపెనీ ఇక ముందు నడుస్తుందా అన్న అనిశ్చితి ఉంది, కంపెనీ నోట్స్‌లో సరిగ్గా వెల్లడించింది. ఆడిటర్ ఒపీనియన్ మారదు, రిపోర్టులో ఆ అనిశ్చితి గురించి విడిగా ఒక శీర్షిక పెట్టాలి. సరిగ్గా వెల్లడించకపోతే క్వాలిఫైడ్ (అభ్యంతరంతో కూడిన) లేదా అడ్వర్స్ (ప్రతికూల) ఒపీనియన్. పుస్తకంలో చూస్తూ ఉంటే ఇది ఎవరికైనా తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి రాయమంటే సగం మంది మొదటి కేసుకి ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్ (ఒక విషయం మీదికి దృష్టి మళ్లించే వేరే పేరా) అని రాస్తారు. దాని పక్కన పడేది మ, అది ఇంగ్లిష్ రాక పోయిన మార్కు కాదు. వాక్యం దగ్గర ఆగిపోతే వేరే అక్షరం పెట్టుకోండి, వా. అప్పుడు ఆడిట్ రాలేదో ఇంగ్లిష్ రాలేదో వాడికే విడిగా తెలుస్తుంది, మీరు భయపడే గందరగోళం ఉండదు.

వా ఎక్కువ పడేవాళ్లు పది పన్నెండు వాక్యాల చట్రాలు కంఠస్థం చేసుకోవాలి. "యాజ్ పర్ ఎస్‌ఏ ఫలానా" అని నిబంధన, "ఇన్ ద గివెన్ కేస్" అని అన్వయం, "హెన్స్" అని ముగింపు. చిన్న వాక్యాలు, ఒక్కో లైన్లో ఒక్కటే విషయం. దిద్దేవాళ్లకీ హాయి.

నిండుకుండ
వా అక్షరం పెడితే ఒప్పుకుంటా. మరి ఉద్యోగస్థులు?

గోదారిగట్టు
మీ 27 నిమిషాలే వాడుకుందాం. రోజూ రాత్రి ఒకే ఒక్క 14 మార్కుల ప్రశ్న, ఫోన్ పక్క గదిలో, 27కి అలారం. దిద్దడం పొద్దున పది నిమిషాలు. చివరి మూడు వారాల్లో ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా 2 నుంచి 5 వరకు ఒక ఫుల్ పేపర్. భోజనం చేశాక వచ్చే మగత కూడా సాధనలో భాగమే, పరీక్ష జరిగేది ఆ టైమ్‌కే మరి. అది కూడా కుదరకపోతే శనివారం 50, ఆదివారం 50.

రెండోగ్రూపు
మార్కుల సంగతి కూడా చెప్పండి అన్నా. మూడు పేపర్లలో మూడు నలభైలు తెచ్చుకుంటే 120, గ్రూప్ పాస్ కాదు. 150 రావాలి. ఆడిట్ 40 దగ్గరే ఉంటుందనుకుంటే ఎఫ్‌ఆర్, ఏఎఫ్‌ఎం కలిపి 110 లాగాలి. మాక్‌లు ఎక్కువ పెట్టాల్సింది బలహీనమైన పేపర్‌కేనా, 60 దాటించగలిగే పేపర్‌కా?

గోదారిగట్టు
ముందు ఆడిట్‌ని 45కి తీసుకురా, 40 అంచు మీద నడవకూడదు. తర్వాత గంటలన్నీ ఏఎఫ్‌ఎంకి పెట్టు. డెరివేటివ్స్, ఫారెక్స్ లాంటివి పాత ఎస్‌ఎఫ్‌ఎం (ఏఎఫ్‌ఎంకి ముందున్న పేపర్) పేపర్లలో కూడా బోలెడు దొరుకుతాయి, లెక్కల పద్ధతి మారలేదు. అక్కడ లె తగ్గితే చాలు, మార్కులు వెంటనే లేస్తాయి.

నిండుకుండ
ఇది సరైన మాట. ఫుల్ మాక్ మాత్రం మూడు వారాల ముందు వరకు వద్దనే నేను అంటా.

గోదారిగట్టు
మొదటి పోస్టులో నేను చెప్పింది కూడా అదేనండీ బాబూ. పైకెళ్లి చదవండి.

సస్పెన్స్‌ఖాతా
అందరికీ థాంక్స్. రాత్రి ఆడిట్ ప్రశ్న ఒకటి పుస్తకం మూసి రాశాను, 14కి. పొద్దున దిద్దితే 6 వచ్చింది. మ కింద 4 పోయాయి, వా కింద 3, చ కింద 1. తె ఒక్కటీ లేదు, అదే ఆశ్చర్యం. టైమ్ 31 నిమిషాలు పట్టింది.

నిండుకుండ
31 అంటే మార్కుకి 2.2.

ఉప్పల్_ఆర్టికల్
వద్దు సార్, మళ్లీ వద్దు