వారానికి ఒక్కసారే వీగన్ సరుకులు తెచ్చుకోవడం: నా చీటీ ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న

నమస్తే అండీ. వీగన్‌గా మారి, అంటే పాలు, గుడ్లతో సహా జంతువుల నుంచి వచ్చేవన్నీ మానేసి, నాలుగు నెలలైంది. ఇంట్లో ఇద్దరమే. మా ఆయన అన్నీ తింటాడు గానీ వండేది నేనే కాబట్టి వంట ఒకటే. వంటతో ఇబ్బంది లేదు, సరుకులతోనే వచ్చింది చిక్కు. శనివారం సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ నింపుకొస్తాను. బుధవారానికల్లా ఆకుకూర కవర్లో చెమట పట్టి జిగురుజిగురుగా అయిపోతుంది, పుట్టగొడుగులు నల్లబడతాయి. మళ్లీ పరుగు. పోయిన వారం మూడుసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ చీటీలో లేనివి నాలుగు ఇంటికొస్తాయి.

ఇక లేబుళ్లు. మొన్న సూప్ ప్యాకెట్లు రెండు తెచ్చాను, టమాటా సూపే కదా, అందులో ఏముంటుందిలే అని. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఎనిమిదో పదార్థం వే పౌడర్, అంటే పాలవిరుగుడు నీళ్ల పొడి! మా ఆయన హాయిగా తాగాడు. ప్రతిదీ తిప్పి చదువుతూ నిలబడితే గంటన్నర పడుతోంది. మీరంతా ఎలా చేస్తున్నారు?

జవాబు 1

మీరు ఏం వండాలో రాసుకుంటున్నారు, ఏది ముందు పాడవుతుందో రాసుకోవట్లేదు. నేను చీటీకి మధ్యలో గీత గీస్తాను. గీత పైన మంగళవారంలోపు అయిపోవాల్సినవి: ఆకుకూరలు, పుట్టగొడుగులు. కింద క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ లాంటివి, వారం దాటినా మాట వింటాయి. ఫ్రీజర్లో బఠాణీలు ఎప్పుడూ ఉంటాయి. ఒకప్పుడు వాటిని చిన్నచూపు చూసేదాన్ని, ఇప్పుడు గురువారం రాత్రి నన్ను ఆదుకునేవి అవే. ఆకుకూర తెచ్చిన రోజే కడిగేస్తున్నారేమో చూసుకోండి. తడి ఉంటే కుళ్లుతుంది. పొడిబట్టలో చుట్టి డబ్బాలో పెట్టి, వండేముందు కడగండి.

ప్రోటీన్‌కి డబ్బాలూ టిన్నులూ మోసుకురానక్కర్లేదు. శనివారం రాత్రి రెండు కప్పుల శనగలు నానేస్తాను, ఉడికేసరికి ఐదారు కప్పులవుతాయి. సగం ఫ్రిజ్‌లోకి, మిగతా సగం ఒక్కో కప్పు చొప్పున ఫ్రీజర్‌లోకి. రాజ్మా అయితే మాత్రం నానిన నీళ్లు పారబోసి, మంచినీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లించి, ఆ తర్వాతే మెత్తబడేదాకా ఉడికించండి. సన్నసెగ మీద వదిలేస్తే అందులోని విషపదార్థం పోదు. ఒకసారి అలా వదిలేసి రాత్రంతా వాంతులతో జాగారం చేశాను.

జవాబు 2

లేబుల్ మొత్తం చదవక్కర్లేదండీ. ఎలర్జీ తెచ్చే పదార్థాలను చాలాచోట్ల ముదురు అక్షరాల్లోనో, అడుగున విడిగానో వేస్తారు. ముందు అక్కడ చూడండి. పాలు, గుడ్డు కనిపిస్తే వెంటనే అరలో పెట్టేయండి. అవి లేకపోతేనే మిగతాది చదవాలి: తేనె, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్, పురుగుల నుంచి తీసే E120 అనే ఎర్ర రంగు, మిఠాయిల మెరుపు కోసం వాడే E904, అంటే పురుగుల నుంచే వచ్చే లక్క. ‘నాన్ డెయిరీ’ అన్న మాటను నమ్మి కాఫీ క్రీమర్ కొనకండి, అందులో పాల నుంచి తీసిన కేసినేట్ ఉండొచ్చు.

‘పాల ఆనవాళ్లు ఉండవచ్చు’ అన్నది వేరే సంగతి. పాల సరుకు తయారయ్యే చోటే ఇదీ తయారైందని చేసే హెచ్చరిక అది. నేనైతే కొంటాను. పాల ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ముట్టుకోకూడదు. ఒకసారి చదివి సరే అనుకున్నదాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే మరుసటి వారం సగం సమయం మిగులుతుంది. ప్యాకెట్ రూపు మారితే మాత్రం మళ్లీ చదవండి.

జవాబు 3

విటమిన్ బి12 సంగతి ఎవరూ ఎత్తలేదేం? దానికి కూరగాయల మీద ఆధారపడటం కుదరదు. పెద్దవాళ్లకి రోజుకి 2.4 మైక్రోగ్రాములు కావాలి. సోయా పాలన్నిటిలోనూ కలపరు, వెనక చూసి కొనండి, లేదా మాత్ర వేసుకోండి. క్యాల్షియం కలిపిన పాలైతే వాడేముందు బాగా గిలకొట్టండి, లేకపోతే అదంతా అడుగున ఉండిపోతుంది.

ప్రశ్న అడిగినావిడ

అందరికీ థాంక్సండీ. ఇప్పుడే గీత గీసి చూశాను. పైన ఏడు కూరగాయలు తేలాయి, మంగళవారంలోపు మేం ఇంట్లో తినేది రెండే రాత్రులు! ఇంక కుళ్లక ఏం చేస్తాయి? పుట్టగొడుగులతో సహా నాలుగు కొట్టేశాను. ఆకుకూర కూడా మీరన్నట్టే, తెచ్చిన వెంటనే కడిగి కవర్లో కుక్కేదాన్ని. సోయా పాలు చూశాను, బి12 లేదు, మాత్రలు చీటీలో చేర్చాను. మా ఆయన వచ్చి చీటీ అడుగున ‘సూప్, నాకు’ అని రాసి వెళ్లాడు.