మా ఊరి అడవి పట్టా వీఎస్‌ఎస్ (వన సంరక్షణ సమితి) పేరున ఉంది, గ్రామసభ పేరుకి మార్చుకోవచ్చా?

గెడ్డవార_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది పాడేరు వైపు కొండమీద ఊరు, నలభై రెండు గడపలు. మొన్న మా అమ్మ చీపురు కట్టలు నెత్తిన పెట్టుకుని సంతకి దిగుతుంటే దారిలో ఆపి "పర్మిట్ ఏదీ?" అని అడిగారట. రెండు కట్టలు అక్కడే వదిలేసి వచ్చింది.

ఆ కోపంలో తాత రేకుపెట్టె తెరిచాను. అమ్మానాన్నల ఇద్దరి పేరునా ఉన్న పోడు పట్టా ఒకటి, దాని కిందే ఊరుమ్మడి అడవికి ఇచ్చిన పట్టా ఇంకోటి దొరికాయి. సంబరపడ్డాను. తీరా చదివితే హక్కుదారు దగ్గర "అధ్యక్షుడు, వన సంరక్షణ సమితి" అని ఉంది. ఆ అధ్యక్షుడు పోయి ఆరేళ్లయింది. నాకు బుద్ధి తెలిశాక ఆ సమితి మీటింగు పెట్టింది లేదు. ఖాతాలో డబ్బు తియ్యాలంటే ఫారెస్టరు సంతకం కూడా పడాలనేవారని నాన్న అంటాడు. హద్దుల దగ్గర అటవీశాఖ వాళ్ల కంపార్ట్‌మెంట్ (అడవి ముక్క) నంబరు ఒకటి వేసి ఊరుకున్నారు. మేం మొక్కే కొండదేవత రాయి, అమ్మావాళ్లు చీపురు కోసే వాలు రెండూ దానికి బయటే.

ఆఫీసుకెళ్లి అడిగితే "ఇచ్చేశాం కదా, మళ్లీ ఎందుకు?" అని ఒకాయన నవ్వేశాడు. ఇప్పుడేం చెయ్యాలి?

పాత_పంతులు:
తమ్ముడూ, మీ వైపు బళ్లలోనే ఇరవై ఏళ్లు పనిచేశాను. ఇలాంటి కాగితాలు చాలా చూశాను. వీఎస్‌ఎస్‌లు 1992 తర్వాత అటవీశాఖ పెట్టించినవి. 2006 అటవీ హక్కుల చట్టం వాటికి ఏ హక్కూ ఇవ్వలేదు. ఊరుమ్మడి అడవిని కాపాడుకునే, నడుపుకునే హక్కు సెక్షన్ 3(1)(ఐ)లో ఉంది, దాన్ని చలాయించేది గ్రామసభ. మన దగ్గర మొదట్లో చాలాచోట్ల పాత సమితుల పేరునే రాసి చేతులు దులుపుకున్నారు.

నువ్వు పేరు మార్పు అని అడక్కు, అడిగితే ఆ టేబులూ ఈ టేబులూ తిప్పుతారు. గ్రామసభ తరఫున ఫారం సి, అంటే ఊరుమ్మడి అడవి హక్కు కోసం పెట్టే దరఖాస్తు, కొత్తగా వెయ్యి. అది ఆ చట్టం రూల్స్‌కి 2012లో చేసిన సవరణలో వచ్చింది. పోడు పట్టాకున్న నాలుగు హెక్టార్ల గరిష్ఠ పరిమితి దీనికి లేదు, మీ పెద్దలు ఎంతవరకు వాడుకున్నారో అంతవరకూ అడగొచ్చు. గ్రామసభ అంటే పంచాయతీ సభ అనుకునేవు, మీ నలభై రెండు గడపల సభ. సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. మీ వైపు గిరిజనుల ఇటుకల పండగప్పుడు వలస పోయినవాళ్లూ ఇంటికొస్తారు కదా, అప్పుడు పెట్టుకోండి.

హద్దులకి మాత్రం ముసలివాళ్లని వెంటబెట్టుకెళ్లు. నేను తిరిగిన ఒక ఊళ్లో డెబ్బై దాటిన ఒకావిడ ముందు నడిచింది. మలుపు మలుపుకీ ఆగి, "ఇక్కడ దుంపలు తవ్వేవాళ్లం, ఆ జీలుగుచెట్టు అవతల పక్కూరిది" అనేది. నేను ఫోన్లో పాయింటు పెట్టుకునేవాణ్ణి. పొద్దుగూకేసరికి ముప్పై ఒకటయ్యాయి. నాకు కాళ్లు వాచాయి, ఆవిడ ఇంటికెళ్లి అంబలి కాచుకుంది. దేవత రాయి, శ్మశానం, దుంపలు తవ్వే చోటు అన్నీ ఆధారాలే, ఆ రూల్స్‌లో రూలు 13 చదువు. పక్కూరి పెద్ద చెప్పింది కూడా రాయించి వేలిముద్ర తీసుకో.

ఎండుటాకు:
ఇవన్నీ మేమూ చేశాం పంతులుగారూ. కొలత రోజు అటవీశాఖ మనిషి రాలేదు. ఏడాది తర్వాత "మేం లేకుండా కొలిచారు, చెల్లదు" అన్నారు. గ్రామసభ పంపిన ఫైళ్లు చూసే సబ్ డివిజన్ కమిటీలోనే మా ఫైలు పడుంది.

పాత_పంతులు:
కబురు పెట్టినట్టు రసీదు ఉందా? రూలు 12ఎ ఉన్నది దీనికే. అలాంటి సాకు చెబితే ఫైలుని మళ్లీ కొలతకి గ్రామసభకి తిప్పిపంపొచ్చు. అప్పుడూ వాళ్లు రాకపోతే గ్రామసభ నిర్ణయమే ఖాయం. నోటీసు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు వేయించుకోకుండా ఆఫీసు గడప దిగొద్దు.

ప్రాణహిత_అవతల:
నేను సిరోంచ దిక్కు. మహారాష్ట్రల ఉన్నా ఇంట్ల తెలుగే. మా గడ్చిరోలి జిల్లాల మెండాలేఖ అని గోండుల ఊరున్నది, 2009ల 1,800 హెక్టార్ల మీద హక్కు వచ్చింది. అయినా వెదురు అమ్ముకోనియ్యలే, రవాణా పాస్ మేమే ఇస్తమన్నరు ఫారెస్టోళ్లు. 2011 ఏప్రిల్‌ల జైరాం రమేశ్, అప్పటి కేంద్రమంత్రి, ఆ ఊరికొచ్చి పాస్ బుక్కు గ్రామసభ చేతుల పెట్టిపిచ్చిండు. తెల్లారి ఏడాది రూల్స్‌లనే రాసిండ్రు: వెదురు, చీపురు లాంటి చిన్న అటవీ ఉత్పత్తులకు రవాణా పర్మిట్ ఇచ్చేది గ్రామసభ కమిటీ అని. అంటే తమ్మీ, మీ అమ్మను అడిగిన కాయితం మీ ఊరే రాసియ్యాలె.

ఇంకోటి. హక్కు వచ్చినంక లెక్కల కాడ జాగ్రత్త. మేము తునికాకు సొంతంగ వేలం పెట్టుకున్నం. మొదటేడు కాంట్రాక్టరు మాట నమ్మి లారీలెత్తినం, సగం పైసలు ఇప్పటికీ రాలే. ఇప్పుడు బ్యాంకుల పైసలు పడకపోతే ఒక్క కట్ట కదలనియ్యం.

గెడ్డవార_కుర్రాడు:
పంతులుగారూ, అన్నా, దండాలు. ఫారం సి ప్రింటు తీశాను. రాత్రి పెద్దల్ని కూర్చోబెడితే ఒక చిక్కొచ్చింది. గెడ్డ అవతల ఏడు చింతచెట్లున్నాయి. మావని పక్కూరు, మనవని మా తాత. ఇద్దరమూ దులుపుకుంటాం, ఏటా తిట్టుకుంటాం.

పాత_పంతులు:
రెండూళ్ల గ్రామసభలు ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని, ఎవరెలా వాడుకుంటున్నారో రాసి ఎవరి గ్రామసభకి వాళ్లు ఇవ్వాలని రూల్స్‌లోనే ఉంది. అక్కడ తెగకపోతేనే సబ్ డివిజన్‌కి వెళ్తుంది. అంతదూరం పోనివ్వకండి, ఎండుటాకు గారి ఫైలు పక్కన మీదీ చేరుతుంది.

గెడ్డవార_కుర్రాడు:
వాళ్ల కమిటీలో మా మేనమామే ఉన్నాడండీ. ఆదివారం వెళ్తున్నా, తాతని తీసుకెళ్లట్లేదు.